బిడ్డను తూచాం, తల్లిని అడగలేదు

(దుగ్గిరాలలో జరిగిన మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు కార్యదర్శి గారు ఏ కంటి శిబిరం గురించో, షుగరు పరీక్షల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఎనిమిదేళ్లు ఏఎన్‌ఎంగా తిరిగినదాన్ని. టీకాలు వేశాను, కాన్పులు చూశాను. మీలో కొందరిని చంటిబిడ్డలుగా ఎత్తుకున్నాను కూడా. అయితే ఈ రోజు నేను చేసిన పని గురించి చెప్పడానికి రాలేదు. చెయ్యకుండా వదిలేసిన పని ఒకటి ఉంది. దాని గురించి చెప్పడానికి వచ్చాను.

కొన్నేళ్ల కిందటి మాట. మన ఆడపిల్లే. పేరు చెప్పను, ఊరు చెప్పను. భర్త సైన్యంలో జవాను. కాశ్మీరు వైపు పోస్టింగు, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని చోటు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆసుపత్రిలో ఆపరేషను చేసి బిడ్డను తీశారు. పాప మూడు కిలోలు, చక్కగా ఉంది. అఖీఖా చేశారు, బంధువులకు భోజనాలు పెట్టారు. ఆ భోజనం నేనూ తిన్నాను.

ఆశా వర్కరు వెళ్లింది, నేనూ వెళ్లాను. పాపను తూచాం. ఒళ్లు వెచ్చగా ఉందా, బొడ్డు ఆరిందా, పాలు పడుతున్నాయా అని చూశాం. కార్డులో రాశాం. "నువ్వెట్లా ఉన్నావమ్మా?" అని గుమ్మం దాటుతూ అడిగితే "బాగానే ఉన్నా ఖాలా" అంది. ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖం వైపు చూడలేదు. నేనూ ఆగి చూడలేదు. ఇంకో నాలుగిళ్లు తిరగాలి కదా.

చిల్లా పూర్తి కావడానికి వారం రోజులుందనగా, ఒక తెల్లవారుజామున ఆ అమ్మాయి పాపను తల్లి పక్కన పడుకోబెట్టి, ఒక్కతే కాలవ గట్టు మీదికి వెళ్లిపోయింది. పాలు పోసే అతను చూశాడు. ఆ వేళకు బాలింత అక్కడెందుకుందని అనుమానమొచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంటికి తీసుకొచ్చాడు. ఆ మనిషికి అల్లాహ్ మేలు చేయుగాక. డాక్టర్లు, నర్సులు, చుట్టాలు ఇంతమందిమి ఉన్నాం. ఆ అమ్మాయి ముఖం సరిగా చూసింది మాత్రం ఒక్క పాలవాడే.

ఆ తర్వాత నెలరోజులు తాయెత్తులకే పోయాయి. చివరికి పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లారు. మందులు వాడింది, నాలుగైదు నెలల్లో తేరుకుంది. అల్‌హందులిల్లాహ్, ఇప్పుడు ఆ పాప బడికి వెళుతోంది. ఆ అమ్మాయి తర్వాత ఒకసారి నాతో అన్న మాట ఇది: "మీరు ఎన్నిసార్లు వచ్చారో నాకు గుర్తుంది ఖాలా. ప్రతిసారీ పాపను తూచారు."

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అంది. అయినా ఆ మాట నన్ను వదల్లేదు.

మన దుగ్గిరాల పసుపు యార్డు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కొమ్మును చేతిలోకి తీసుకుని, విరిచి, లోపల రంగెట్లా ఉందో చూడకుండా ఎవరూ ధర చెప్పరు. పసుపు కొమ్మును అంత శ్రద్ధగా చూసే ఊళ్లో, బాలింతను మాత్రం పైనుంచి చూసి "బాగానే ఉంది" అని రాసేస్తున్నాం.

ఇది జబ్బేనా అని మీలో కొందరికి అనుమానం ఉంటుంది. అందుకని నాకు తెలిసినంతలో విడమరిచి చెబుతాను.

కాన్పయిన మూడో రోజు, నాలుగో రోజు చాలామంది తల్లులకు ఊరికే ఏడుపొస్తుంది, చిరాకు పుడుతుంది. ఒంట్లో మార్పులు, నిద్ర లేకపోవడం దీనికి కారణం. రెండు వారాల్లోపు అదే సర్దుకుంటుంది. దీనికి మందు అక్కర్లేదు. కాస్త నిద్ర, వేళకు అన్నం, ఒక మంచి మాట చాలు.

రెండోది బాలింత దిగులు. ఇది రెండు వారాలు దాటినా పోదు. కొందరికి కడుపుతో ఉండగానే మొదలవుతుంది. కొందరికి బిడ్డకు ఆరేడు నెలలు వచ్చాక కూడా రావచ్చు. బిడ్డను చూసినా సంతోషం ఉండదు. తినబుద్ధి కాదు. బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టదు. "నేను మంచి తల్లిని కాను, నా వల్ల అందరికీ భారం" అనుకుంటుంది. పని మాత్రం చేస్తూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇది జబ్బు. దీనికి వైద్యం ఉంది, తగ్గుతుంది.

మూడోది అరుదుగా వస్తుంది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో. సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. రాత్రుళ్లు అసలు నిద్రపోదు, సంబంధం లేకుండా మాట్లాడుతుంది, ఎవరో బిడ్డను ఎత్తుకుపోతారంటుంది, లేని మాటలు వినపడుతున్నాయంటుంది. ఇది కనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగకూడదు. రక్తస్రావమైతే ఎట్లా పరుగెత్తుతామో అట్లా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు.

ఇది ఎంతమందికి వస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనలాంటి దేశాల్లో కాన్పయిన తల్లుల్లో నూటికి దాదాపు 20 మందికి ఏదో ఒక మానసిక బాధ, ముఖ్యంగా దిగులు, ఉంటోంది. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20 వేల మంది తల్లుల వివరాలను కలిపి 2017లో లెక్క వేస్తే నూటికి 22 అని తేలింది. ఊరూరికీ తేడా ఉండొచ్చు. అయినా మనసులో లెక్క వేసుకోండి. మీ ఇంట్లో, మీ చుట్టాల్లో కిందటేడు పది మందికి పిల్లలు పుట్టారనుకుంటే, అందులో ఇద్దరు తల్లులు. ఆ ఇద్దరూ ఎవరో మీకు తెలుసా? నాకు తెలియదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా తెలియలేదు.

మనం గెలిచిన పని ఒకటుంది, అది కూడా చెప్పుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటి దగ్గరే కాన్పు చేయించుకునేవాళ్లు ఎక్కువ. ఇంటింటికీ తిరిగి బతిమాలేవాళ్లం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 108 వస్తుంది, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటి దగ్గర దింపుతుంది. అంటే తల్లిని ఆసుపత్రి దాకా తీసుకుపోవడం మనకు చేతనైంది. ఇంటికి తిరిగొచ్చాక ఆమె మనసు సంగతి అడగడం ఒక్కటే చేతకాలేదు.

ఎందుకు చేతకాలేదంటే, అందులో ఒక చిక్కుంది. ఇది దాతలు అర్థం చేసుకోవాలి, ఎందుకంటే మీరిచ్చే డబ్బు ఎక్కడ పని చేస్తుందో ఇక్కడే తెలుస్తుంది.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా వర్కరు ఆరుసార్లు వెళ్లాలి. మూడో రోజు, ఏడో రోజు, 14, 21, 28, ఆఖరున 42వ రోజు. మంచి ఏర్పాటే. కాని మన ఆచారం చూడండి. తొలికాన్పు పుట్టింట్లో. రేపల్లెలో ఇచ్చిన పిల్ల ఏడో నెలలో దుగ్గిరాల వస్తుంది. ఆమె పేరు రేపల్లె ఆశా పుస్తకంలో ఉంటుంది. ఇక్కడి ఆశాకు ఎవరో చెబితేగాని తెలియదు. 2022 ఏప్రిల్ 4 నుంచి రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది, దుగ్గిరాల, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉన్నాయి. అంటే పుట్టిల్లు ఒక జిల్లా, మెట్టినిల్లు ఇంకో జిల్లా. మూడో నెలలోనో అయిదో నెలలోనో పిల్ల అత్తారింటికి వెళుతుంది. అప్పటికి 42 రోజులు దాటిపోయాయి, అక్కడ ఆమె బాలింతల లెక్కలో లేదు. దిగులు బయటపడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఈ ఊరి పుస్తకంలో లేదు, ఆ ఊరి పుస్తకంలో లేదు.

ఇక జవాను భార్య సంగతి చెప్పనక్కర్లేదు. ఆమెవి మూడిళ్లు. పుట్టిల్లు, అత్తిల్లు, భర్త పోస్టింగులో క్వార్టరు దొరికితే అది మూడోది. సైనిక ఆసుపత్రిలో చూపించుకునే హక్కుంది, నిజమే. కాని ఆ ఆసుపత్రి సికింద్రాబాదులో ఉంది, నేవీ వాళ్ల కల్యాణి ఆసుపత్రి విశాఖపట్నంలో ఉంది. సూర్యలంకలో వాయుసేన స్టేషను మనకు దగ్గరే, కాని పల్లెలో ఉన్న జవాను భార్యకు దాని వల్ల ఒరిగేదేముంది? ఎక్స్‌సర్వీస్‌మెన్ల పథకం 2003 నుంచి ఉంది. అది ప్రధానంగా రిటైరైనవాళ్లకూ వాళ్ల కుటుంబాలకూ. భర్త ఇంకా సర్వీసులో ఉన్న ఇరవై రెండేళ్ల పిల్ల, చంటిబిడ్డతో, కుట్లు మానని ఒంటితో సికింద్రాబాదు రైలెక్కుతుందా?

పైగా ఆమె బాధ నోరు విప్పి చెప్పలేనిది. భర్తకు చెబుతామంటే "బోర్డరులో ఉన్న మనిషికి మనసు పాడుచేస్తావా" అంటారు ఇంట్లో. ఫోను దొరికిన అయిదు నిమిషాలూ పాపను చూపించడానికే సరిపోతాయి. టీవీలో కాల్పుల వార్త వస్తే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆ పిల్ల మాత్రం ధైర్యంగా కనిపించాలి, ఎందుకంటే అందరూ ఆమెను "జవాను పెళ్లాం" అంటున్నారు. కువైట్‌లోనో, సౌదీలోనో భర్త ఉన్న మన పిల్లల సంగతీ దాదాపు ఇంతే. వాళ్లను గురించి గౌరవంగా మాట్లాడేవాళ్లు కూడా ఉండరు, అంతే తేడా.

యార్డులో పసుపు బాగుచేసే కూలీ తల్లి సంగతి ఇంకోలా ఉంటుంది. ఆమెకు నలభై రోజులు చిల్లా అనేది మాటవరసకే. సీజను పోతే మళ్లీ పని దొరకదు. ఆసుపత్రికి పోతే ఒక రోజు కూలి పోయింది, తోడొచ్చిన వాళ్ల కూలి కూడా పోయింది, పెద్ద పిల్లను చూసేవాళ్లు లేరు. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువని అదే సర్వే చెప్పింది. నీరసం రక్తం తక్కువ వల్లా, థైరాయిడ్ వల్లా, దిగులు వల్లా అని తేల్చడానికైనా డాక్టరు చూడాలి కదా. అన్నీ కలిసే ఉంటాయి కూడా.

మరి వైద్యం లేదా అంటే, ఉంది. అదే నాకు ఎక్కువ బాధ. తెనాలి జిల్లా ఆసుపత్రి మనకు అరగంట దూరం. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది, 2019 నుంచి ఓపీ నడుస్తోంది, అక్కడా ఈ విభాగం ఉంది. పాలిచ్చే తల్లికి ఇవ్వదగిన మందులు ఉన్నాయి. పాలు మాన్పించాలేమోనని భయపడి ఎంతమంది ఆగిపోతారో! డాక్టరును అడిగి వాడుకోవచ్చు. మందే అవసరం లేకుండా మాటలతోనే నయం చేసే పద్ధతులూ ఉన్నాయి.

ఇంట్లోంచి కదలలేని వాళ్లకు టెలీమానస్ అని ప్రభుత్వ ఫోను సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. సైనికుల కోసం, వాళ్ల కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పుణేలోని సైనిక వైద్య కళాశాలలో దీనికి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. ఈ నంబరు మన జవాన్ల ఇళ్లలో ఎంతమందికి తెలుసో మీరే చెప్పండి. ఇంటికి వెళ్లగానే ఈ నంబరు ఫోనులో పెట్టుకోండి.

చట్టం కూడా మనవైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు. ఇంకో మాట. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, మూడేళ్ల లోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదని అదే చట్టం చెబుతోంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు 2009 నుంచి నడుస్తోంది. "తీసుకెళితే బిడ్డను లాగేసుకుంటారు" అని భయపెట్టే వాళ్లకు ఈ మాట చెప్పండి.

ఆసుపత్రి ఉంది, ఫోను ఉంది, చట్టం ఉంది. మరి ఎందుకు వెళ్లడం లేదు? పెద్దలు కోప్పడకపోతే చెబుతాను. సగం దూరం వల్ల, సగం మన వల్ల.

"పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారంటే చెల్లెలికి సంబంధం వస్తుందా?" అంటారు. "మా కాలంలో ఏడుగుర్ని కన్నాం, మాకు ఈ వేషాలు లేవు" అంటుంది అత్తగారు. ఏడుగుర్ని కన్న ఆ అత్తగారు కూడా మంచంలో ముఖం అటు తిప్పుకుని ఏడ్చిన రోజులు ఉండే ఉంటాయి. ఆమెనూ ఎవరూ అడగలేదు. ఇంకొందరు గాలి సోకిందంటారు, జిన్ను పట్టిందంటారు. దువా చేయించడాన్ని నేను కాదనను. నా బిడ్డకు జ్వరమొస్తే నేనూ దువా చేస్తాను, మందూ వేస్తాను. రెండూ ఒకదానికొకటి అడ్డు రావు.

ఈ విషయంలో మనకు రెండు ఊళ్లు పాఠం చెబుతున్నాయి. తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గర మనోవ్యాధి ఉన్నవాళ్లను గొలుసులతో కట్టి ఉంచిన ఒక పాక 2001 ఆగస్టు 6న అంటుకుంది. కట్టి ఉన్నవాళ్లు కదల్లేక 28 మంది కాలిపోయారు. ఇది ఒక ఊరు. రెండోది గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావా. అక్కడ మీరా దాతార్ దర్గాలో ముజావర్లు, డాక్టర్లు కలిసి ‘దవా, దువా’ అని పని చేస్తున్నారు. ముజావరు దువా చేసి, పక్క గదిలో ఉన్న డాక్టరు దగ్గరికి పంపుతాడు. అతని మాట మీద జనానికి నమ్మకం, కాబట్టి మందు కూడా వేసుకుంటారు. మన ఇమాం సాహెబులు కూడా ఈ పని చెయ్యగలరు. మీ దగ్గరికి బాలింతను తెస్తే దువా చెయ్యండి. తర్వాత "బేటీ, రేపు ఆసుపత్రికి కూడా వెళ్లు" అనండి. మేం వందసార్లు చెప్పినా విననివాళ్లు మీ మాట ఒక్కసారికి వింటారు.

హజ్రత్ మర్యమ్ (అ.స) వృత్తాంతం మనకందరికీ తెలుసు. ఎన్నోసార్లు విన్నాం. నేను కూడా విన్నాను గాని, ఈ అమ్మాయి సంగతి జరిగాక మళ్లీ కొత్తగా అర్థమైంది. ఒంటరిగా, జనానికి దూరంగా, ఖర్జూరపు చెట్టు మొదట్లో నొప్పులు పడుతూ ఆమె, దీనికంటే ముందే చనిపోయి ఉంటే బాగుండేదని, అందరూ తనను మరచిపోయి ఉంటే బాగుండేదని అనుకున్నారు. అంతటి పవిత్రురాలు, అల్లాహ్ ఎంచుకున్న స్త్రీ. ఆ మాట అన్నందుకు ఆమెకు చీవాట్లు రాలేదు. నీకు ఈమాన్ తక్కువైందని అనలేదు. దిగులుపడవద్దన్న ఓదార్పు వచ్చింది. కాళ్ల దగ్గర నీళ్లు, తలపైన పండిన ఖర్జూరాలు వచ్చాయి. తిను, తాగు, కళ్లు చల్లబరచుకో అన్న ఆదరణ వచ్చింది. ఆ రోజు జనానికి జవాబు చెప్పుకునే బాధ కూడా ఆమెకు తప్పించారు.

ముందు ఓదార్పు, తర్వాత నీళ్లు, తిండి, జనం నోటి నుంచి రక్షణ. బాలింతకు ఏం కావాలో ఇంతకంటే వివరంగా నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. చనిపోవాలనుందని ఒక పిల్ల నోరు తెరిచి అంటే "తౌబా తౌబా, ఆ మాట అనకు" అని మనం నోరు మూయిస్తాం. అల్లాహ్ మూయించలేదు.

ఇక పని సంగతికి వస్తాను. "మానసిక వైద్యులే తక్కువ, మనమేం చేస్తాం?" అనిపించవచ్చు. దీనికి జవాబు ఇప్పటికే ఉంది. రావల్పిండి జిల్లా పల్లెల్లో, అంటే సైన్యంలో పనిచేసేవాళ్ల కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట, దిగులుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు ఊరి ఆరోగ్య కార్యకర్తలనే పంపి చూశారు. వాళ్లు డాక్టర్లు కారు, మన ఆశాల్లాంటి ఆడవాళ్లు. కాస్త శిక్షణ ఇచ్చారు. వెళ్లి కూర్చుని, విని, తల్లి ఆలోచన మెల్లగా మళ్లించడం, ఇంట్లోవాళ్లను సాయానికి కూడగట్టడం నేర్పారు. 2008లో ఫలితాలు వచ్చాయి. కాన్పయిన ఆరు నెలలకు చూస్తే, ఇట్లా కూర్చుని విన్న చోట నూటికి 23 మందికే దిగులు మిగిలింది. మామూలుగా వెళ్లివచ్చిన చోట నూటికి 53 మందికి ఉంది. తర్వాత మన గోవాలో కూడా ఊరి తల్లులకే శిక్షణ ఇచ్చి ‘సఖులు’ అని పేరు పెట్టి ఈ పద్ధతిలో పని చేయించారు. అందువల్ల డాక్టరు వచ్చేదాకా మనం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు.

మన సొసైటీ రంజాన్‌లో రేషను ఇస్తోంది, పెళ్లిళ్లకు సాయం చేస్తోంది, కుట్టుమిషన్లు ఇస్తోంది. అల్లాహ్ స్వీకరించుగాక. దానికి తోడుగా నాలుగు పనులు అడుగుతున్నాను. కొత్త భవనం అడగడం లేదు, మిషను కొనమనడం లేదు.

ఒకటి, ప్రతి మొహల్లాకు ఇద్దరు ఆడవాళ్లు. నోరు అదుపులో ఉన్నవాళ్లు కావాలి, చదువు తర్వాత. బిడ్డను చూడటానికి వెళ్లినప్పుడు తల్లితో ఒంటరిగా పది నిమిషాలు కూర్చోవాలి. రెండు సంగతులు అడగాలి. ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు లేకుండా ఉందా? దిగులుగా, ఇక దారి లేదన్నట్టు ఉందా? అవునంటే నోరు మూయించకుండా వినాలి. చనిపోవాలనిపిస్తోందా అని కూడా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడకండి. అడిగితే ఆమె బరువు దిగుతుంది. అవునంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ ఇద్దరికీ శిక్షణ ఇప్పించే బాధ్యత నేను తీసుకుంటాను. నా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు తిరుగుతాను.

రెండు, ఒక పుస్తకం. పుట్టింటికి వచ్చిన గర్భిణి పేరు అందులో రాసుకుని, ఆమె ఒప్పుకుంటే ఇక్కడి ఆశాకు చెప్పాలి. అత్తారింటికి వెళ్లేటప్పుడు అక్కడి ఆశాకు ఫోను చేయాలి. రేపల్లె, బాపట్ల, తెనాలి దాతలు మీ ఊళ్లో ఒక మనిషిని చూపిస్తే ఈ పని సాగిపోతుంది. బిడ్డకు ఏడాది వచ్చేదాకా పేరు కొట్టెయ్యకూడదు. జవాన్ల ఇళ్లు, గల్ఫ్ వాళ్ల ఇళ్లు ముందు రాయాలి. మన ఇళ్లు మాత్రమేనా అంటే కాదు. పక్కింటి లక్ష్మికి వస్తే కూడా రాయాలి. ఆ పాలవాడు మన మతమేనా అని నేను అడిగానా?

మూడు, దారి ఖర్చు. ప్రభుత్వాసుపత్రిలో చూడటానికి, మందుకు డబ్బు అక్కర్లేదు. అక్కడిదాకా పోవడానికే కావాలి. ఆటో, రైలు, తోడు వచ్చే మనిషి కూలి, పెద్ద పిల్లకు మధ్యాహ్నం అన్నం. ఇది ఒకసారి ఇస్తే చాలదు, ఈ వైద్యం నెలల తరబడి సాగుతుంది. రెండోసారి వెళ్లలేకే చాలామంది మందు ఆపేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ఒక్కో తల్లికి కనీసం ఆరు నెలల దారి ఖర్చు ముందే పక్కన పెట్టాలి. ఇందులో జకాత్ ఎంతవరకు వాడొచ్చు, సదఖా ఎంత అనేది ఉలమా చెబుతారు, వాళ్లు చెప్పినట్టే చేద్దాం.

నాలుగు, మన సొసైటీ ఆఫీసులో ఒక గది. తలుపు వేసుకునే గది. అందులో ఒక ఫోను, ఒక ఉయ్యాల. ఇంట్లో మాట్లాడితే గోడ అవతల వినబడుతుంది. ఇక్కడికి వచ్చి 14416కు ఫోను చేసుకోవచ్చు, ఆ కాసేపు బిడ్డను ఎవరైనా చూసుకుంటారు. "సొసైటీకి వెళ్తున్నా" అంటే ఎవరికీ అనుమానం రాదు కూడా.

మగవాళ్లకు ఒక మాట. అన్నా, తమ్ముడూ, నాయనా, మీరు ఎక్కడ డ్యూటీలో ఉన్నా సరే, ఫోను చేసినప్పుడు పాప ఎట్లా ఉందని అడిగే ముందు, రాత్రి నువ్వు నిద్రపోయావా అని అడగండి. జవాబు కోసం ఆగండి. అత్తగార్లకు, అమ్మలకు కూడా ఒక మాట. బాలింత ఏడిస్తే "పాలు ఎండిపోతాయి" అని భయపెట్టకండి. బిడ్డను రెండు గంటలు మీరు పట్టుకుని ఆమెను పడుకోనివ్వండి. సగం వైద్యం అక్కడే ఉంది.

దాతలతో ఆఖరుగా ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. మీరు కుట్టుమిషను ఇస్తే ఫొటో ఉంటుంది. రేషను కిట్టు ఇస్తే ఫొటో ఉంటుంది. వచ్చే ఏడాది ఈ సంచికలో అవి అచ్చవుతాయి, చూసుకుని సంతోషిస్తాం, తప్పేం లేదు. ఈ పనికి మాత్రం ఫొటో ఉండదు. చెక్కు అందుకునే తల్లి ఉండదు. పేరు ఉండదు, ఊరు ఉండదు. ఎంతమందికి సాయం అందిందో అంకె ఒక్కటే ఉంటుంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకుండా ఇచ్చేవాళ్ల గురించి మన ప్రవక్త (స) ఎంత గొప్పగా చెప్పారో మీకు తెలుసు. అట్లా ఇవ్వడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

నేను రిటైరయ్యాక తూకం కొక్కెం, సంచీ అప్పజెప్పి వచ్చాను. ఆ అమ్మాయి మాట మాత్రం నాతోనే ఉంది. పరదా అవతల కూర్చున్న బిడ్డల్లో ఎవరైనా ఈ రోజు అట్లా ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే సభ అయ్యాక నేను పెరటి వైపు మెట్ల మీద కూర్చుంటాను. ఏమీ చెప్పక్కర్లేదు, వచ్చి పక్కన కూర్చుంటే చాలు. ఈసారి పాపను తూచను. నిన్నే అడుగుతాను.

అల్లాహ్ మన తల్లులందరి మనసులకు నెమ్మది ప్రసాదించుగాక. ఆమీన్.